బండి మీద పడింది బంకా, పాలా, సొనా? ముందు అది తేల్చుకోండి

నాది తెల్ల బండి, పసుపు నంబరు ప్లేటు. వారంలో ఆరు రోజులు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ల నుంచి డయాలసిస్ పేషెంట్లను పలాసకో సోంపేటకో తీసుకెళ్లి, అయ్యాక మళ్లీ వాళ్ల గుమ్మం ముందు దింపుతాను. ఒక్కొక్కరు మిషన్ మీద నాలుగు గంటలు ఉండాలి. ఆ నాలుగు గంటలూ నా బండి ఏదో ఒక చెట్టు కింద ఉంటుంది.

చెట్టు కింద బండి పెట్టకండి అని అందరూ చెబుతారు. నేను ఆ మాట చెప్పను. డయాలసిస్ అయ్యి బయటికొచ్చిన మనిషికి కాళ్లలో సత్తువ ఉండదు. చాలామందికి బీపీ కూడా తగ్గిపోయి ఉంటుంది. మే నెలలో ఎండన నిలిపిన బండి తలుపు తీస్తే పొయ్యి మూత తీసినట్టు సెగ కొడుతుంది. అందులో వాళ్లను ఎలా కూర్చోబెడతాం? పైగా మా దగ్గర నీడ ఇదివరకటిలా లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు తెల్లారేసరికి నేలమీద ఉన్నాయి. తర్వాత నాటిన మొక్కలు చెట్లయ్యేదాకా నీడ దొరకడమే గొప్ప. అందుకని నీడ ఉన్నచోటే బండి పెడతాను, మరక పడితే తుడుచుకుంటాను. ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే: మరకను ముట్టుకునే ముందు తలెత్తి అది ఏ చెట్టో చూడాలి. ఒక చెట్టుది నీళ్లకు కరుగుతుంది, ఇంకో చెట్టుది నూనెకు కరుగుతుంది. అది తెలియక రుద్దితే మరక పోదు, రంగు పోతుంది.

రంగు సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. మనకు కనిపించే రంగు మీద క్లియర్ కోట్ అని రంగులేని పూత ఉంటుంది. బండి మెరుపంతా దానిదే. మందం సుమారు 40–50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే పల్చన. బ్లేడు, స్టీలు పీచు, అంట్లు తోమే పచ్చ స్క్రబ్బరు, ఇవన్నీ గీసేది దాన్నే. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దాన్ని మెత్తబరిచేస్తాయి. పెట్రోలు కూడా వద్దు, రంగుకూ మంచిది కాదు, నిప్పు భయం ఉండనే ఉంది. బట్టల సబ్బు పొడి మరకను తీయకపోగా, పైన ఉన్న వ్యాక్స్‌ను, అంటే మైనం పూతను, కడిగేస్తుంది.

ఏ పని మొదలుపెట్టినా బోనెట్ మీద అరచెయ్యి ఆనించి చూడండి. చుర్రుమంటే ఆగండి. వేడి రేకు మీద వేసిన ఏ మందైనా పని చేసేలోపే ఆరిపోయి, తనే ఇంకో మరక అవుతుంది. నేను పొద్దున్న ఏడులోపు, లేదా సాయంత్రం పొద్దు వాలాక చేస్తాను. ముందు బకెట్ నీళ్లు గుమ్మరించి దుమ్ము దించేస్తాను. దుమ్ము మీద గుడ్డ వేస్తే ఇసుక కాగితంతో తోమినట్టే.

ఇప్పుడు బంక. వేప, తుమ్మ, జీడి చెట్ల మాను మీద ఊరి గట్టిపడేది ఇదే. బండి మీద పడ్డ వేప బంక తేనెరంగు గాజుపూసలా ఉంటుంది. గోటితో లేపేద్దామని చెయ్యి దురద పెడుతుంది, కానీ లేపకండి. ఒకచోట కడగడానికి ఇచ్చినప్పుడు అక్కడి కుర్రాడు నేను చూసేలోపు బ్లేడుతో లేపేశాడు. బోనెట్ ఎడమ మూలన బియ్యపుగింజంత గీత పడింది, ఇప్పటికీ ఉంది. ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. ఇలాంటి బంకలు చాలావరకు నీళ్లకు నానేవే. చెయ్యి పట్టగలిగే గోరువెచ్చని నీళ్లలో మెత్తని గుడ్డ తడిపి, నాలుగు మడతలు వేసి, మరక మీద పరిచి వదిలేయండి. పావుగంట ఆగాలి. గుడ్డ చల్లారితే మళ్లీ తడిపి వేయండి. పూస అంచులు ముందు తెల్లబడతాయి, తర్వాత మొత్తం నానిన సగ్గుబియ్యం గింజలా ఉబ్బుతుంది. అప్పుడు గుడ్డను అడ్డంగా లాగకుండా, ముక్కు చీదినట్టు రెండు వేళ్లతో పట్టి పైకి లేపితే ఊడి వస్తుంది. పాతబడిన బంక ఒక్కసారికి రాదు. రెండోసారి, మూడోసారి నానబెట్టండి. బలం పెట్టకండి.

పనసపాలు దీనికి పూర్తిగా ఎదురు. ఒక మే నెలలో కవిటి వైపు పేషెంటు ఒకాయన, ఎంత వద్దన్నా వినకుండా, మా పిల్లల కోసమని రెండు పనసకాయలు డిక్కీలో పెట్టించాడు. తొడిమ దగ్గర కారిన పాలు డిక్కీ అంచుకు, వెనక బంపరుకు జానెడు మేర అంటుకున్నాయి. ఇంటికొచ్చి నీళ్లు, షాంపూ పెట్టి రుద్దాను. పోలేదు సరికదా, పలచగా పరుచుకుని, దుమ్ము పట్టి నల్లబడింది. అమ్మ అరుగు మీద నుంచి చూసి, ‘నీళ్లకి పోద్దేటిరా నాయినా? పనస కోసేటప్పుడు కత్తిపీటకి ఏటి రాస్తాం? నూనె కదేటి!’ అంది. నిజమే కదా. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, బండి దగ్గరకు వచ్చేసరికి గుర్తు రాలేదు. పాలలో ఉన్నది రబ్బరులాంటి జిగట. దానికి నీళ్లతో పొత్తు కుదరదు, నూనెతోనే కుదురుతుంది.

కొబ్బరినూనెలో ముంచిన దూది ఉండ తీసుకుని, మరక మీద అద్ది అయిదు నిమిషాలు వదిలేయాలి. తర్వాత మెత్తని గుడ్డతో ఒకే దిక్కుకు మెల్లగా నెడితే, పాలు సన్నటి నల్ల పోగుల్లా చుట్టుకుంటూ ఊడుతుంది. ప్రతి రెండు తుడుపులకూ గుడ్డ మడత మార్చండి. లేకపోతే తీసిన జిగటే మళ్లీ పక్కన అంటుతుంది. అంతా పోయాక నూనె జిడ్డును షాంపూ నీళ్లతో కడిగేయాలి, నూనె ఉంటే దుమ్ము పిలిచినట్టు వచ్చి పడుతుంది. రావి, మర్రి పాలకు కూడా ఇదే వైద్యం.

మామిడి సొన ఈ రెండింటికీ మధ్యలోది. కాయ తెంపినప్పుడు తొడిమ నుంచి చిమ్మేది పెదవికి తగిలితేనే పొక్కుతుంది, రంగును ఊరికే వదలదు. పచ్చిగా ఉన్నప్పుడు షాంపూ నీళ్లు చాలు. ఎండిపోతే ముందు నూనె, దానికీ మిగిలితే స్పిరిట్. మందుల షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని అడగండి. సగానికి సగం నీళ్లు కలిపి, ముందుగా తలుపు లోపలి అంచులో ఎవరికీ కనపడని చోట ఒక చుక్క రాసి చూడండి. గుడ్డకు రంగు అంటకపోతే పర్వాలేదు. గుడ్డ తడిపి మరక మీద అర నిమిషం ఉంచి, తుడిచి, వెంటనే నీళ్లతో కడగాలి. దగ్గరలో అగ్గిపుల్ల వెలిగించకూడదు. హెడ్‌లైట్ అద్దం ఇప్పుడు ప్లాస్టిక్‌ది, దాని మీదికి స్పిరిట్, కిరోసిన్ పోనివ్వకండి. తిరిగి రీ-పెయింట్ చేయించిన భాగం ఉంటే అక్కడ ఇంకా జాగ్రత్త, కంపెనీ పూతంత గట్టిగా ఉండదు.

మామిడి చెట్టు గురించి ఇంకో మాట. పూత సమయంలో చెట్టు కింద బండి పెడితే, టాపు నిండా సన్నని జిగురు తుంపర పడుతుంది. చాలామంది దాన్ని చెట్టు కార్చిన జిగురు అనుకుంటారు. అది చెట్టుది కాదు. పూత రసం పీల్చే తేనెమంచు పురుగు విసర్జించేది. రైతులకు దాని పేరు వినగానే టెన్షన్, పూతంతా రాలిపోతుంది. మనకు మాత్రం అది చక్కెర నీళ్లతో సమానం. గోరువెచ్చని షాంపూ నీళ్లతో ఒక్క తుడుపుకి పోతుంది. నాలుగైదు రోజులు వదిలేస్తే దాని మీద మసిలాంటి నల్ల బూజు పెరుగుతుంది, ఆకుల మీద కనిపించే నలుపు అదే. అప్పుడు మాత్రం శ్రమ. అందుకని ఆ రెండు నెలలూ నేను రోజూ సాయంత్రం టాపు తుడిచే పడుకుంటాను.

పక్షి రెట్ట ఆగదు. చెట్టు మరక రేపటికి వాయిదా వేయొచ్చు, దీన్ని వేయలేం. అందులోని యూరిక్ యాసిడ్ ఎండలో కొన్ని గంటల్లోనే క్లియర్ కోట్‌ను తినేసి గుంట చేస్తుంది. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి సీజన్‌లో ప్యాసింజర్లను తీసుకెళ్తుంటాను. పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్కులు చింతచెట్ల నిండా ఉంటాయి, చూడటానికి రెండు కళ్లూ చాలవు. అక్కడ బండి మాత్రం చెట్టుకు దూరంగా ఎండలోనే పెడతాను. నేను నీడ వద్దనుకునే చోటు అదొక్కటే. రెట్ట పడితే పొడిగా గీకకండి, అందులో ఇసుక రేణువులు ఉంటాయి. తడిగుడ్డ వేసి పది నిమిషాలు నానబెట్టి ఎత్తేయండి. డోరు అరలో ఎప్పుడూ ఒక నీళ్ల సీసా, గుడ్డ ఉంచుకుంటే దారిలోనే పని అయిపోతుంది.

హైవే పనులు జరిగే చోట అంటుకునే తారు చుక్కలకు డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రెండు నిమిషాలాగి తుడవండి, తర్వాత షాంపూ. అంతే.

బోరు నీళ్ల తెల్ల మచ్చలు మా దగ్గర అందరి బండ్ల మీదా ఉంటాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో వచ్చే నీళ్లు మా జనం తాగడం కోసం తెచ్చినవి, వాటితో బండి కడగడానికి నాకు మనసొప్పదు. బోరు నీళ్లతోనే కడుగుతాను, కానీ ఒక్క చుక్క కూడా దానంతటది ఆరనివ్వను. కడిగిన వెంటనే పెద్ద పొడి గుడ్డతో టాపు నుంచి కిందికి ఒత్తేస్తాను. ఇప్పటికే మచ్చలు కట్టి ఉంటే, కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో అద్ది, నిమిషం దాటకుండా కడిగేయండి. అది ఆమ్లం, దాన్నీ ఆరనివ్వకూడదు.

ఇవన్నీ అయ్యాక, శుభ్రంగా కడిగిన తడి బోనెట్ మీద చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని నిమరండి. కంటికి కనపడనిది వేలికి దొరుకుతుంది. గాజులా జారితే సరే. గరగర తగిలితే రంగులో దిగిన దుమ్ము, ఇనుప రజను ఉన్నట్టు. దానికి క్లే బార్ అని ముద్దలాంటిది ఆటో స్పేర్ పార్ట్స్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రేకును షాంపూ నీళ్లతో బాగా తడిపి, ముద్దను రొట్టెలా ఒత్తి, బరువు వేయకుండా ముందుకీ వెనక్కీ జరపాలి. మురికి పట్టిన వైపు లోపలికి మడిచి కొత్త వైపు తీసుకోవాలి. ముద్ద నేలమీద పడిందా, ఎంత ఖరీదుదైనా పారేయండి. దానికి అంటిన ఒక్క ఇసుక రేణువు చాలు, బోనెట్ అంతా గీతలే.

మరక పోయినా దాని ఆకారం మచ్చగా మిగిలితే, గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. గోరు ఆగకపోతే, సన్నరకం పాలిష్‌ను మెత్తని స్పాంజి మీద శనగగింజంత వేసుకుని చేత్తోనే గుండ్రంగా రుద్దితే చాలావరకు తగ్గుతుంది. గోరు ఆగితే అది లోతు మచ్చ. ఇక రుద్దడం ఆపి పెయింటర్‌కు చూపించండి. మెషిన్ రబ్బింగ్ మాటిమాటికీ కొట్టిస్తే క్లియర్ కోట్ అరిగిపోయి, మూడు నాలుగేళ్లకే టాపు సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. మా స్టాండులో అలాంటి బండ్లు చూస్తూనే ఉన్నాను.

చివరగా వ్యాక్స్. నేను మూడు నెలలకోసారి, మామిడి పూతకు ముందు ఒకసారి తప్పకుండా పెడతాను. పల్చగా రాసి, మంచు పట్టినట్టు తెల్లబడ్డాక వేరే గుడ్డతో తుడిచేయాలి. మైనం పూత ఉన్నప్పుడు బంక రంగును పట్టుకోదు, దాన్నే పట్టుకుంటుంది. అందుకే తడిగుడ్డకే వచ్చేస్తుంది. ఆదివారం మిషన్లకు సెలవు, నా వ్యాక్స్ పని ఆ రోజే. సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు మొదటి పేషెంటు గుమ్మం ముందు బండి ఆపాలి కాబట్టి, శనివారం రాత్రే గుడ్డలన్నీ ఉతికి దండెం మీద ఆరేస్తాను.