కొత్త సంఘంలో చేరే ముందు

పోయిన ఏడాది మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆర్డరు కాగితం చేతికొచ్చిన రోజే మా పాత సంఘం (చర్చి) అయ్యగారికి, అంటే పాస్టరు గారికి చూపించాం. ఆయన మూడు రోజులు ప్రార్థన చేసి, "దేవుడు వద్దంటున్నాడు" అన్నారు. మేం పంపించాం. తర్వాతి ఆదివారం ప్రసంగం బైబిల్లోని ఆకాను గురించి. ఒక్కడు చేసిన తప్పుకి ఇశ్రాయేలీయులంతా హాయి పట్టణం దగ్గర ఓడిపోయిన సంగతి. మా పేరు ఎత్తలేదు. కానీ ముందు వరసలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి నా వైపు చూశారు. పదకొండేళ్లు నేను చాపలు పరిచి, చాపలు చుట్టిన మందిరం అది.

ఆ సంఘం వదిలి బయటికొచ్చాక మూడు నెలలు ఇంట్లోనే కుటుంబ ప్రార్థన చేసుకున్నాం. మీరు కూడా అలాంటి దెబ్బ తిని ఉంటే నేను మొదట చెప్పేది అదే. వెంటనే ఇంకోచోట చేరిపోకండి. ఆ దిగులులో ఎవరు తలమీద చెయ్యి పెట్టి "అమ్మా" అన్నా కన్నతండ్రిలాగే కనిపిస్తారు. మనసు కాస్త కుదుటపడ్డాక వెతకండి. మేం ఏడు నెలల్లో ఐదు సంఘాలకు వెళ్లాం, ఒక్కోచోట కనీసం నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. మొదటి ఆదివారం అందరూ బాగానే పలకరిస్తారు. నాలుగో ఆదివారానికి అసలు సంగతి తెలుస్తుంది.

ముందుగా తెలుసుకోవలసింది, పాస్టరు గారికి పైన ఎవరున్నారని. మాది గుంటూరు. 1842లో హేయర్ అనే మిషనరీ దొరగారు వచ్చినప్పటి నుంచి లూథరన్ సంఘాలున్న ఊరు. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) లాంటి పాత మిషన్ సంఘాల్లో పాస్టర్లకు బదిలీలుంటాయి, కమిటీ ఉంటుంది. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల స్థాపించిన అయ్యగారే అన్నీ. స్థలం ఆయన పేరు మీదే, తర్వాత పాస్టరు ఆయన కొడుకే. అలాగని స్వతంత్ర సంఘాలన్నీ చెడ్డవని నేననను. మిషన్ సంఘాల్లోనూ ఎన్నికల తగాదాలు, ఆస్తుల కేసులు ఉన్నాయి. బోర్డు మీద పేరు చూసి నిర్ణయించుకోకుండా మూడు మాటలు అడగండి. స్థలం ఎవరి పేరు మీద ఉంది? సంఘం సొసైటీగా గానీ ట్రస్టుగా గానీ రిజిస్టరైందా? 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరైతే ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, పోయినసారి ఎప్పుడు పెట్టారు? నేను అడిగినప్పుడు ఒకచోట పెద్దాయన రిజిస్టరు తెచ్చి చూపించారు. ఇంకోచోట "మీకెందుకమ్మా, వాక్యం వినడానికి వచ్చారా, లెక్కలు చూడ్డానికి వచ్చారా" అన్నారు. ఆ సంఘానికి మళ్లీ వెళ్లలేదు.

నేను కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. మిర్చి టిక్కీ (బస్తా) ఒకటి లోపలికొచ్చినా చీటీయే, బయటికెళ్లినా చీటీయే. రైతుకిచ్చే ఆ గౌరవం దేవునికిచ్చే కానుకకు ఉండాలి కదా. అందుకే ఆరాధన అయ్యాక వెంటనే ఇంటికి రాకుండా కాసేపు ఉండి చూసేదాన్ని. ఒక సంఘంలో కానుకల ఎర్ర వెల్వెట్ సంచీ అలాగే అయ్యగారి కారులోకి వెళ్లిపోయేది. ఇంకోచోట తలుపులు తీసి ఉంచి, బల్ల మీద సంచీ బోర్లించి, ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుంచి ఒకావిడ కూర్చున్నారు. పది నోట్లు, ఇరవై నోట్లు విడివిడిగా పేర్చి, చిల్లర పళ్లెంలో పోసి, ముగ్గురూ పుస్తకంలో సంతకాలు చేశారు. పై ఆదివారం ఆ మొత్తం నోటీసు బోర్డు మీద కనబడింది. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు కూడా ఎవరూ తప్పుపట్టకుండా వేరే సహోదరులను తోడు పంపాడు. 2 కొరింథీయులు 8వ అధ్యాయం చదవండి.

ప్రసంగాల్లో ఒక మాట ఎన్నిసార్లు వస్తుందో గమనించండి: "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు." అంటే దేవుడు ఏర్పరచుకున్న అయ్యగారిని ఏమీ అనకూడదని. పాత సంఘంలో ఆ మాటకు నేను నిజంగా వణికేదాన్ని. తర్వాత 105వ కీర్తన మొత్తం చదివాను. అక్కడ ఆ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి, పరాయి రాజులతో అన్నది. అభిషేకం పొందిన రాజని, తనను తరిమిన సౌలును దావీదు చంపలేదు, నిజమే. కానీ గుహలోంచి బయటికొచ్చి, కోసిన చెంగు పట్టుకుని చూపిస్తూ, నన్నెందుకు తరుముతున్నావని అందరి ముందూ గట్టిగా అడిగాడు. చెయ్యి ఎత్తలేదు గానీ నోరు మూసుకోలేదు. అంతియొకయలో పౌలు సంఘపెద్దయిన పేతురునే ముఖాముఖి నిలదీశాడు.

మానేసినవాళ్ల గురించి ఎలా మాట్లాడతారో వినండి. "వాళ్లు బదిలీ మీద ఒంగోలు వెళ్లారు, పండక్కి వస్తారు" అంటే మంచిదే. వెళ్లినవాళ్లంతా పడిపోయారు, శాపం తగిలింది, యాక్సిడెంటయింది అని సాక్ష్యాల్లో (సభలో లేచి తమ అనుభవం చెప్పేటప్పుడు) చెప్పిస్తుంటే, రేపు మీ పేరు కూడా ఆ వరసలో చేరుతుంది. వీలైతే మానేసిన ఒకరిని కలిసి మాట్లాడండి. 3వ యోహాను పత్రికలో దియొత్రెఫే అనేవాడు చేసింది ఇదే, తనకు నచ్చనివాళ్లను సంఘంలోంచి వెలివేయడం.

పెళ్లి, సమాధి సంగతులు కూడా ముందే అడగండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లి చేసే అధికారం పాస్టరు గారికి ఉందా, సమాధుల తోట ఎవరిది, సంఘం మారితే కొత్త సంఘానికి ఉత్తరం ఇస్తారా. ఈ మూడింటితోనే జనాన్ని కట్టేస్తారు. ఇక ఆడపిల్లను ఒంటరిగా గదిలోకి ప్రార్థనకు పిలిస్తే వేరే ఏమీ చూడనక్కర్లేదు, పిల్లను తీసుకుని వచ్చేయండి.

అన్నిటికన్నా నాకు ఉపయోగపడింది, ఒక చిన్న విషయంలో "కాదు" అని చెప్పి చూడటం. బుధవారం ఉపవాస ప్రార్థనకు రాలేమనండి, ఇంటికి వస్తామంటే ఈ వారం వద్దనండి. తర్వాత వాళ్ల ముఖాలు చూడండి. ఐదో సంఘంలో మూడో ఆదివారమే అయ్యగారు మా ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. "ఇప్పుడు చెప్పలేనండి" అన్నారు మా ఆయన. నాకు గుండె దడదడలాడింది, పాత అలవాటు. అయ్యగారు "సరే అన్నా, ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెబుదురు" అని మైకు పక్కాయనకు ఇచ్చేశారు. పై వారం ప్రసంగంలో దాని ఊసు లేదు. ఆ పై వారం కూడా లేదు.

అక్కడికే వెళ్తున్నాం. సభ్యత్వం ఇంకా తీసుకోలేదు, వాళ్లూ తొందరపెట్టలేదు. పోయిన ఆదివారం అమ్మాయి ఊరికి వస్తే వెంట తీసుకెళ్లాం. అయ్యగారు ఉద్యోగం ఎలా ఉందమ్మా అని అడిగారు, హాస్టల్లో భోజనం బాగుంటుందా అని అడిగారు. ఇంకేమీ అడగలేదు.