రోడ్డు పడమరకే ఉంటే రీడింగ్ రూమ్ ఎక్కడ?

ఆర్కిటెక్చర్ సెకండియర్‌లో డిజైన్ క్లాసులో (స్టూడియో అంటాం) మాకిచ్చిన పని కడపలో ఓ చిన్న గ్రంథాలయం. నా సైటుకు రోడ్డు పడమర వైపే. పెద్ద కిటికీలు కూడా అటే పెట్టాలనిపిస్తుంది ఎవరికైనా. రివ్యూలో సారు డ్రాయింగు చూసి ఒకటే అడిగారు: "మే నెలలో సాయంత్రం నాలుగింటికి ఇక్కడ ఎవరు కూర్చుంటారప్పా?"

సజ్జా పొడవు పెంచి చూశా. లాభం లేదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి సజ్జా కింద నుంచి దూరిపోతుంది.

చివరికి ప్లానే మార్చా. మెట్లు, టాయిలెట్లు, స్టోరు పడమటి గోడకు జరిపి, వాటి మధ్య దారి వదిలి, రోడ్డు వైపు ఇటుక జాలీ, అంటే సందులు వదిలిన గోడ, కట్టా. రీడింగ్ రూమ్ ఉత్తరానికి పోయింది. ఉత్తరపు వెలుగుకు ఎండ భయం లేదంటారు గానీ మన దగ్గర ఆ మాట పూర్తిగా చెల్లదు. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అది దాదాపు నిటారుగా పడే ఎండ కాబట్టి చిన్న సజ్జా సరిపోయింది. ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం పక్కల నుంచి తగిలే ఎండకు కిటికీల పక్కన నిలువు పలకలు పెట్టా.

గది మధ్యలో చీకటి మిగిలింది. మా అవ్వ వాళ్ల మట్టిమిద్దెలో గవాచి, అంటే వెలుగు కోసం పైకప్పులో వదిలిన రంధ్రం, ఉండేది, వానొస్తే మూసేవాళ్లు. అదే పద్ధతిలో పైకప్పుకు రంధ్రం పెట్టి, పైన చిన్న కప్పు వేసి, పక్కల నుంచి వెలుగు తెచ్చా.

తర్వాతి రివ్యూలో ఎండ మాటే రాలేదు. ర్యాంపు 1:12 (పన్నెండు అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు) కంటే నిటారుగా ఉందని పట్టుకున్నారు, అది ఇంకో టెన్షన్.