క్లమీడియా అనుమానం వస్తే ఏం చేయాలి? టెస్ట్ నుంచి మందు పూర్తయ్యే దాకా

మూత్రంలో మంట అనగానే మన ఇళ్ళలో వచ్చే మొదటి మాట "వేడి చేసింది". వెంటనే సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, కొబ్బరి బొండాం తెస్తారు. నీళ్ళు తాగక వచ్చిన మంటైతే వీటితో తగ్గిపోతుంది. కానీ లైంగిక సంబంధం ఉన్నవాళ్ళలో ఆ మంటకు కారణం క్లమీడియా అనే బ్యాక్టీరియా కూడా కావచ్చు. దాన్ని బార్లీ నీళ్ళు ఏమీ చేయలేవు. సరైన యాంటీబయాటిక్ వాడితే మాత్రం పూర్తిగా పోతుంది.

ఇదేదో అరుదైన జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో 15–49 ఏళ్ళ వాళ్ళలో కొత్తగా సోకినవి దాదాపు 12.85 కోట్లు.

1. ముందు లక్షణాలు చూసుకోండి, కానీ వాటినే నమ్ముకోకండి

మగవాళ్ళలో మూత్రంలో మంట, అంగం చివర నీళ్ళలా గానీ తెల్లగా గానీ స్రావం, ఒక్కోసారి వృషణాల్లో నొప్పి ఉంటాయి. ఆడవాళ్ళలో తెల్లబట్ట ఎప్పటికన్నా మారడం, నెలసరికీ నెలసరికీ మధ్య గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించడం, పొత్తికడుపు నొప్పి ఉండొచ్చు. సాధారణంగా సోకిన ఒకటి నుంచి మూడు వారాల్లో ఇవి బయటపడతాయి.

అసలు చిక్కు ఏమిటంటే, చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఏ లక్షణమూ ఉండదు. నెలల తరబడి లోపలే ఉండి గర్భాశయ నాళాలను దెబ్బతీస్తుంది. పిల్లలు పుట్టడం లేదని తిరుగుతున్నప్పుడు నాళాలు మూసుకుపోయాయని తెలుస్తుంది, లేదా గర్భం నాళంలోనే నిలిచి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొత్త భాగస్వామి ఉంటే గానీ, భాగస్వామికి ఇన్ఫెక్షన్ తేలితే గానీ, ఒంట్లో బాగానే ఉన్నా సరే టెస్ట్ చేయించుకోవాలి. టాయిలెట్ సీటు వల్లో, బట్టల వల్లో, కలిసి భోంచేయడం వల్లో ఇది రాదు.

2. సరైన టెస్ట్ అడగండి

దీనికి వాడేది బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని వెతికే నాట్ (NAAT) అనే పరీక్ష, కొన్ని ల్యాబుల్లో పీసీఆర్ అంటారు. రక్తంలో యాంటీబాడీలు చూసే టెస్టు వల్ల ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తేలదు, దానికి డబ్బు పెట్టకండి. అనుమానం ఉన్న కలయిక జరిగి రెండు వారాలైనా కాకముందే చేయిస్తే తప్పుగా నెగెటివ్ రావచ్చు.

మూత్రం ఇచ్చేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మామూలు యూరిన్ టెస్టుకు మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టమంటారు కదా, ఇక్కడ అది తిరగబడుతుంది. కనీసం గంట సేపు మూత్రం పోయకుండా ఆగి, మొట్టమొదటి ధారనే డబ్బాలో పట్టాలి. 20–30 మిల్లీలీటర్లు చాలు, డబ్బా నింపితే పలచబడిపోతుంది. ఆడవాళ్ళకు యోని నుంచి స్వాబ్ తీయడం మెరుగు. దూది చుట్టిన సన్నటి పుల్లలా ఉంటుంది, నొప్పి ఉండదు, చాలా చోట్ల మనమే తీసి ఇవ్వొచ్చు.

ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే జిల్లా ఆసుపత్రుల్లో, బోధనాసుపత్రుల్లో లైంగిక వ్యాధులు చూసే ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లు ఉంటాయి. అక్కడ నాట్ పరీక్ష లేకపోయినా, లక్షణాలను బట్టి రంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తారు. అంగం నుంచి స్రావం ఉన్న మగవాళ్ళకు బూడిద రంగు కిట్, ఆడవాళ్ళ పొత్తికడుపు నొప్పికి పసుపు రంగుది. హెచ్ఐవీ, సిఫిలిస్ టెస్టులు కూడా అప్పుడే చేయించేసుకోండి. జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా చెబుతారు.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం దేశంలో బాగా ఎక్కువగా ఉన్నవి మన రెండు రాష్ట్రాలే. తెల్లబట్ట, కడుపునొప్పి అని వెళ్తే ఎవరైనా ఆపరేషన్ మాట ఎత్తితే, "ఇన్ఫెక్షన్ టెస్ట్ చేశారా, డాక్టర్ గారూ?" అని అడగండి. అడగడం మీ హక్కు.

3. మందు మధ్యలో ఆపకండి

సాధారణంగా డాక్టర్లు రాసేది డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, 7 రోజులు. మూడో రోజుకే మంట తగ్గిపోతుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు. 14 మాత్రలూ అయిపోవాలి. నిండు గ్లాసు నీళ్ళతో మింగి, అరగంట నడుం వాల్చకండి. మాత్ర గొంతులో ఆగితే పుండు పడుతుంది. పాలతో గానీ, ఐరన్, కాల్షియం, గ్యాస్ మందులతో గానీ కలిపి వేసుకోకండి. ఎండలో ఎక్కువ తిరగకండి.

గర్భిణులకు ఈ మందు వాడరు, అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే మోతాదుగా ఇస్తారు. సుమారు నాలుగు వారాల తర్వాత మళ్ళీ టెస్ట్ చేస్తారు. వదిలేస్తే కాన్పు సమయంలో బిడ్డ కళ్ళకు, ఊపిరితిత్తులకు సోకుతుంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే వ్యవహారం కాదిది.

4. ఇద్దరూ వాడాలి

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇదే. ఒక్కరే మందు వాడితే రెండోవాళ్ళ నుంచి మళ్ళీ వస్తుంది. గడిచిన 60 రోజుల్లో కలిసిన వాళ్ళందరికీ చెప్పాలి. ఇలా మొదలుపెట్టి చూడండి: "నాకు టెస్టులో ఒక ఇన్ఫెక్షన్ తేలింది. వారం రోజుల మందుతో పోతుంది. నువ్వూ డాక్టర్‌కి చూపించుకోవాలి, లేకపోతే మనిద్దరికీ తిరిగి వస్తూనే ఉంటుంది."

భార్యాభర్తల మధ్య వెంటనే లేచే ప్రశ్న, "ఎవరి నుంచి వచ్చింది?" ఏ రిపోర్టూ ఆ సంగతి చెప్పలేదు. పెళ్ళికి ముందు సోకింది కూడా బయటపడకుండా ఉండి ఉండొచ్చు. ముందు టెస్ట్ ఎవరు చేయించుకుంటే వాళ్ళ మీదే నింద పడటం అన్యాయం, మన దగ్గర ఆ నింద ఎక్కువగా పడేది ఆడవాళ్ళ మీదే. గొడవ అవుతుందని భయముంటే ఇద్దరూ కలిసి కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళి అక్కడే చెప్పండి.

ఇద్దరి కోర్సూ పూర్తయ్యే దాకా కలవకండి. ఒకే మోతాదు మందైతే వేసుకున్నాక 7 రోజులు ఆగాలి.

5. మూడు నెలలకు మళ్ళీ టెస్ట్

మందు పనిచేసినా మళ్ళీ సోకడం మామూలే, ఒకసారి వచ్చిందని రక్షణ ఏమీ రాదు. మందు మొదలుపెట్టిన రోజే మూడు నెలల తర్వాతి తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నాలుగు వారాలలోపు చేయించకండి, చచ్చిన బ్యాక్టీరియా అవశేషాలకే పాజిటివ్ వచ్చి అనవసరంగా టెన్షన్ పడతారు. ఇక ముందు కొత్త భాగస్వామి ఉంటే కండోమ్ మొదటి నుంచి చివరి దాకా వాడండి.