జాతీయాలను నటింపజేసి నేర్పడం ఎలా?

జాతీయాలకు అర్థాలు బట్టీ పట్టిన విద్యార్థి పరీక్షలో మార్కులు తెచ్చుకోగలడు గాని, వాటిని ఏ సందర్భంలో, ఎవరితో, ఎలాంటి స్వరంతో అనాలో అతనికి తెలియదు. నాటకం మొదలవడానికే ఒక సందర్భం కావాలి కనుక ఆ లోటును అది చక్కగా తీరుస్తుంది.

ముందుగా ‘కాళ్లకు బుద్ధి చెప్పడం’ వంటి, కళ్లకు కట్టే జాతీయాన్ని ఎంచుకొని, ఒక విద్యార్థి చేత దాని మాటల అర్థాన్ని మాత్రమే మూకాభినయం చేయించండి. అతడు నేలమీద చతికిలబడి, తన పాదాలకు వేలు చూపిస్తూ మందలిస్తుంటే తరగతి గొల్లుమంటుంది. ఆ వినోదాన్ని ఒక్క నిమిషంలో ఆపేయాలి. చాలా తరగతుల్లో పాఠం ఇక్కడితోనే ముగిసిపోతుంది గాని, అసలు పని ఇంకా మొదలే కాలేదు.

తరువాత నలుగురైదుగురిని ఒక జట్టుగా చేసి, ఆ జాతీయం సరిగ్గా అతికే చిన్న సన్నివేశాన్ని అల్లుకోమనండి. నటించేవారు ఆ మాటను పలకకూడదు. చూసేవారే దాన్ని అందించాలి. తోటలో దొంగచాటుగా కాయలు కోస్తున్న పిల్లలు కాపలాదారు దగ్గు వినబడగానే పరుగు లంకించుకుంటే, మాట దానంతటదే నోటికి వస్తుంది. వెంటనే అతకని సన్నివేశాన్ని కూడా ఒకటి ఆడించండి: పరుగుపందెంలో ఒక అమ్మాయి అందరికన్నా ముందు గీత దాటింది. ఆమె కూడా కాళ్లకు బుద్ధి చెప్పినట్టేనా? పిల్లలను వాదించుకోనివ్వండి. భయపడి పారిపోయినప్పుడే ఆ మాట చెల్లుతుందని వారే తేల్చుకుంటారు.

‘తలలో నాలుక’ వంటివాటిని అక్షరాలా నటించబోతే రసాభాస అవుతుంది కనుక నేరుగా సన్నివేశానికే వెళ్లాలి. ‘నీ నోట్లో నువ్వుగింజ నానదు’ అన్న మాటను పాత్రలు మార్చి పలికించండి. స్నేహితుడు అంటే అది వేళాకోళం, మనవడు తాతగారి ముఖం మీదే అంటే అమర్యాద.

అలంకారాలకూ ఈ పద్ధతి పనికివస్తుంది. ‘కోపం అగ్నిలా మండుతోంది’ అన్న ఉపమాలంకార వాక్యానికి నలుగురిని నిలబెట్టి, ఉపమేయంగా (పోల్చబడేదిగా) కోపాన్ని, ఉపమానంగా (పోలికగా తెచ్చేదిగా) అగ్నిని, సమానధర్మంగా (రెండింటికీ ఉమ్మడి గుణంగా) మండడాన్ని, ఉపమావాచకంగా (పోలికను తెలిపే మాటగా) ‘లా’ను తలా ఒకరికి అప్పగించండి. సమానధర్మం పక్కకు తప్పుకుంటే ‘కోపం అగ్నిలా ఉంది’ అని లుప్తోపమ, అంటే ఒక భాగం లోపించిన ఉపమ, మిగులుతుంది. ఆపై కోపాన్నీ అగ్నినీ ఒకే విద్యార్థి అభినయిస్తే, ‘కోపాగ్ని’లో రెండూ ఒకటేనన్న అభేదం, అంటే రూపకాలంకారం, వేరే నిర్వచనం లేకుండానే బోధపడుతుంది.

పరీక్షించేటప్పుడు అర్థాలు అడగవద్దు. రెండు సన్నివేశాలిచ్చి, జాతీయం ఇమిడేదానికి సంభాషణ రాయమని, ఇమడనిదానికి కారణం చెప్పమని అడగండి.