కత్తిపూడి నుంచి వాడరేవు దాకా: ఇద్దరికి ఈకో వ్యాన్‌లో తక్కువ ఖర్చు కోస్తా ప్రయాణం

216 నంబరు జాతీయ రహదారి కత్తిపూడి దగ్గర 16వ నంబరు రోడ్డు నుంచి చీలి కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దగ్గర మళ్లీ దాంట్లోనే కలుస్తుంది. మొత్తం సుమారు 390 కి.మీ. సముద్రం చూస్తూ పోయే రోడ్డు మాత్రం కాదిది. కొబ్బరితోటలు, చేపల చెరువులు, గోదావరి పాయల మధ్య సాగుతుంది. సముద్రం కావాలంటే ఎక్కడికక్కడ ఎడమకి తిరగాల్సిందే. అందుకే లెక్క 500 కి.మీ. వేసుకోండి. ఎక్కువ రాత్రులు మారుతి ఈకో వ్యాన్‌లోనే పడుకుంటూ, వండుకుంటూ వెళ్తే ఆరు పగళ్లు, ఐదు రాత్రులు సరిపోతాయి.

డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లోకి వ్యాన్ తేవద్దు, రోడ్డూ దొరకదు, గదీ దొరకదు. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో స్వామి రథోత్సవం, అప్పుడూ అంతే. చలికాలం కోనసీమలో పొద్దున పొగమంచు దట్టంగా పడుతుంది. ఎనిమిది దాటాక బయల్దేరితే మేలు.

మంచం

వెనక సీటు విప్పి ఇంట్లో పెడితే చోటు కలిసొస్తుందని చాలామంది చేస్తారు. ఆర్.సి.లో రాసిన సీట్ల సంఖ్యకి తేడా వస్తే, బండిలో మార్పులని కట్టడి చేసే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ. సీటు మడిచి దాని మీదే మంచం వెయ్యండి. మడిచిన సీటు ఎత్తుకి సమానంగా వెనక ఒక పెట్టె చేయించి, పైన 12 మి.మీ. బీ.డబ్ల్యూ.పీ. (నీళ్లకి తట్టుకునే రకం) ప్లైవుడ్ మూడు ముక్కలుగా పరచాలి. మామూలు కమర్షియల్ ప్లై ఈ తేమకి ఉబ్బుతుంది. కింద అడుగున్నరకొక ఆధారం లేకపోతే చెక్క నడుమ వంగుతుంది. ఆరడుగుల పొడవు రావాలంటే ముందు సీట్ల వీపులు ముందుకి వంచాలి కాబట్టి, కొలతలు మీ బండిలోనే తీసుకుని అప్పుడు కోయించండి. పైన నాలుగంగుళాల ఫోమ్ చాలు. లేచి కూర్చునే ఎత్తు మాత్రం ఉండదు, దానికి సిద్ధపడండి.

ప్లైకి జానెడు దూరాన ఒకటి చొప్పున అంగుళం రంధ్రాలు కొట్టించడం మర్చిపోవద్దు. ఇద్దరి ఊపిరిలోని తడి తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లలా కారుతుంది. అదే తడి పరుపు అడుగున చేరితే బూజు పడుతుంది.

ఇంకొక సంగతి: ఈకోలో ఇంజిను ముందు సీట్ల కింద ఉంటుంది. బండి ఆపాక చాలాసేపు ఆ వేడి లోపలికే వస్తుంది. తలుపులు తీసి ఒక గంట వదిలేశాకే పక్కలు వేసుకోండి, తలలు వెనక తలుపు వైపు పెట్టుకోండి. కూరగాయలు, గ్యాస్ డబ్బాలు ముందు సీట్ల దగ్గర ఉంచకూడదు.

దోమలు, ఉక్క

వ్యాన్ అనగానే సింకు, రంగు లైట్లు, కర్టెన్లు అంటూ మొదలెడతారు. ఈ తీరంలో నిద్ర చెడగొట్టేవి దోమలు, ఉక్క. డబ్బు అక్కడ పెట్టండి. నైలాన్ దోమతెర గుడ్డని కిటికీ కన్నా అన్ని వైపులా రెండంగుళాలు ఎక్కువ ఉంచి కత్తిరించాలి. అంచుని మడిచి కుట్టి, ఆ మడతలో ఆరంగుళాలకొక చిన్న నియోడిమియం అయస్కాంతం పెడితే, బయటి నుంచి తలుపు రేకుకి అతుక్కుంటుంది. అయస్కాంతం గుడ్డలో ఉండాలి, లేకపోతే రంగు గీసుకుపోతుంది, ఉప్పుగాలికి అదీ తుప్పు పడుతుంది. ఒకవైపు అద్దమే తెరిస్తే గాలి ఆడదు. ఎదురెదురు తెరిచి, ఒక కిటికీ దగ్గర ఫ్యాను గాలిని బయటికి తోసేలా పెట్టండి. లోపల దోమల కాయిల్ వెలిగించొద్దు.

కరెంటుకి 12.8 వోల్టుల 50 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 640 వాట్ అవర్లు. పది వాట్ల ఫ్యాన్లు రెండు ఎనిమిది గంటలు తిరిగితే 160, లైటూ ఫోన్లూ కలిపి ఇంకో 50. రెండు రాత్రులు నిశ్చింతగా గడుస్తాయి. బండి బ్యాటరీకి నేరుగా కలపొద్దు. మధ్యలో 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు, 6 చదరపు మి.మీ. రాగి తీగ, రెండు బ్యాటరీల దగ్గరా జానెడు లోపల 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. సిగరెట్ లైటర్ సాకెట్ ఈ బరువు మోయదు, దాని ఫ్యూజు కాలిపోతుంది.

వంట, నీళ్లు

వంట ఎప్పుడూ బయటే, వెనక తలుపు ఎత్తి దాని నీడలో. గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే బండి నేల మీదే పేరుకుంటుంది. మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ గొడవ వేరే. క్యాంపింగ్ స్టవ్వు బ్యూటేన్ డబ్బా, సుమారు 225 గ్రాములది, పెద్ద మంట మీద గంట పైచిలుకు వస్తుంది. సముద్రపు గాలికి మంట పక్కకి పోతుంది కాబట్టి మూడువైపులా రేకు అడ్డం పెట్టకపోతే ఒక్కపూటకే సగం ఖాళీ. మూడు లీటర్ల కుక్కరుంటే అన్నం, పప్పు రెండూ గిన్నెలు పెట్టి ఒకేసారి దించొచ్చు.

తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా ఆర్.ఓ. ప్లాంటులో 20 లీటర్ల టిన్ను నింపుకోండి. తాగడానికి, వంటకి రోజుకి పది లీటర్లు పోతాయి.

దారిలో

కాకినాడ–ఉప్పాడ బీచ్ రోడ్డు అందమైనదే కానీ సముద్రం కోసేస్తున్న రోడ్డు. అల్లకల్లోలంగా ఉంటే అలలు రాళ్లని రోడ్డు మీదికి విసురుతాయి. అలాంటి రోజు పిఠాపురం మీదుగా రావడమే తెలివి.

యానాం పుదుచ్చేరిది కాబట్టి పెట్రోలు మీద పన్ను తక్కువ. ట్యాంకు అక్కడే నింపండి. మద్యం మాత్రం బండిలో పెట్టుకోవద్దు, వంతెన దాటాక తనిఖీల్లో మంచం కింద పెట్టెలు కూడా తెరిపిస్తారు.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు చూసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లని నది దాటించే బల్లకట్టు) ఎక్కితే అవతల ఒడ్డే నరసాపురం. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. నది ఇక్కడ ఆటుపోట్లకి లేచి పడుతుంది. పాటులో నీళ్లు తగ్గితే రేవు ఏటవాలు పెరిగి, బరువుతో దిగి ఉన్న వ్యాన్ తోక బల్లకి రాసుకుంటుంది. పోటు ఎప్పుడని పంటువాళ్లనే అడగండి. ఎక్కేటప్పుడు ఒకరు దిగిపోవాలి, నీళ్ల టిన్నులూ దించాలి, మొదటి గేరులో ఆగకుండా ఎక్కించాలి. మధ్యలో ఆపితే క్లచ్ వాసన వస్తుంది. పైకెక్కాక హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఇద్దరూ బండి దిగి పంటు మీదే నిలబడండి. వరద రోజుల్లో పంటు నడవదు.

మచిలీపట్నం దగ్గరి మంగినపూడి బీచ్‌లో ఇసుక కాదు, నల్లరేగడి. తడిసిందంటే టైరు చుట్టూ ముద్దలా పట్టి తిరుగుడే తప్ప కదలదు. తారు రోడ్డు దిగొద్దు. బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు బీచ్‌లలో ఇసుకే, కానీ వ్యాన్ బరువుకి అదీ అంతే. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకుండా వెనక టైర్ల గాలి 18 పీ.ఎస్.ఐ.కి తగ్గించి, మంచం ప్లై ముక్కలు రెండు టైర్ల ముందు వేసి మెల్లగా లాగండి. ఆ వెంటనే పంపుతో గాలి నింపుకోండి, తగ్గిన గాలితో హైవే ఎక్కితే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి.

రాత్రి బీచ్‌లో పడుకోనివ్వరు, పడుకోకూడదు కూడా. గుడి పార్కింగ్, సత్రం ఆవరణ, లారీలు ఆగే పెట్రోలు బంకు, ఈ మూడింట్లో ఏదైనా అడిగి ఆపుకోండి. చీకటి పడకముందే చేరాలి, మేనేజరుతో ముందు మాట్లాడాలి. ఇద్దరూ కలిసి వెళ్లి అడిగితే కాదనేవాళ్లు తక్కువ. చేపల చెరువు గట్టు మాత్రం వద్దు: దోమలు, పైగా మెత్తటి మట్టి. మూడో రాత్రీ ఐదో రాత్రీ లాడ్జి గది తీసుకుంటే స్నానాలు, బట్టలుతుక్కోవడం, బ్యాటరీ చార్జింగ్ ఒకేసారి అయిపోతాయి.

ఖర్చు చూస్తే, లీటరుకి 14 కి.మీ. చొప్పున 36 లీటర్లు, ₹110 లెక్కన సుమారు ₹4,000. తిండికి రోజుకి ₹600, రెండు గదులకి ₹2,400, గ్యాస్, టోలు, పంటు వగైరా ఒక ₹1,000. మొత్తం ₹11,000 లోపు.

ఇల్లు చేరిన రోజే బండి అడుగు భాగం, చక్రాల గూళ్లు, బ్రేకులు మంచినీళ్లతో కడిగించండి. తర్వాత బ్రేకులు ఆరేదాకా నాలుగు కి.మీ. నడపండి, లేకపోతే డిస్కులకి తుప్పు పడుతుంది. బ్యాటరీ టెర్మినళ్లకి వాజలీన్ రాసి, ప్లై ముక్కలు, ఫోమ్ విడివిడిగా రెండు రోజులు ఎండలో పెట్టాకే లోపల సర్దండి.