మీ కమర్షియల్ బిల్డింగ్‌కి ఎన్ని స్టార్లు? హనుమకొండ ఆఫీసు లెక్కతో పర్యావరణ రేటింగ్

ముందు వైపు బిగించిన అద్దాలు, టెర్రస్ మీద సోలార్ పలకలు చూసి బిల్డింగ్ పచ్చదనం తేల్చలేం. ఏడాది పొడవునా అది ఎంత కరెంటు, డీజిల్, నీళ్లు తాగింది, ఎంత చెత్త బయటికి పంపింది అన్నది కాగితం మీద పెడితేనే తేలుతుంది. ఈ లెక్కకు కన్సల్టెంట్ అవసరం లేదు. పన్నెండు నెలల బిల్లులు, ఒక టేపు, రాత్రి తొమ్మిదింటికి మీటరు చూసి రాసుకునే మనిషి ఉంటే చాలు.

ముందు ఏ రేటింగ్ అన్నది తేల్చుకోండి. కేంద్రంలోని ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే బీఈఈ, ఆఫీసు బిల్డింగులకు 2009లో స్టార్ రేటింగ్ మొదలుపెట్టింది. కనెక్టెడ్ లోడ్ (బిల్డింగ్‌లో బిగించిన పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం) 100 కిలోవాట్లు, ఆపైన ఉన్నవాటికి ఇది వర్తిస్తుంది. చూసేది కరెంటు ఒక్కటే. నీళ్లు, చెత్త, లోపలి గాలి కూడా లెక్కలోకి రావాలంటే ఐజీబీసీ, అంటే ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ వారి ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ రేటింగ్ ఉంది. ఆ కౌన్సిల్ హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి మనకు దగ్గర. గృహ (GRIHA), లీడ్ (LEED) అనే రేటింగులు కూడా ఉన్నాయి. ఏది ఎంచుకున్నా మొదట కరెంటు లెక్క సరిగ్గా రావాలి. అది తప్పితే మిగతాదంతా తప్పుతుంది.

విస్తీర్ణం: ఎక్కువమంది ఇక్కడే పొరపాటు పడతారు

రేటింగ్‌కి మూలం ఒక్క భాగహారం. ఏడాది యూనిట్లను విస్తీర్ణంతో భాగిస్తే వచ్చేదే ఈపీఐ, అంటే ఎనర్జీ పర్ఫార్మెన్స్ ఇండెక్స్. యూనిట్లు ఎలాగూ బిల్లులో ఉంటాయి, గొడవంతా విస్తీర్ణం దగ్గరే. మన దగ్గర జాగా గజాల్లో చెబుతారు, స్లాబు ఎస్ఎఫ్‌టీలో చెబుతారు, రేటింగ్ చదరపు మీటర్లలో అడుగుతుంది. ఒక గజం 0.836 చ.మీ., ఒక చ.మీ. 10.764 ఎస్ఎఫ్‌టీ. అద్దె అగ్రిమెంటులో ఉండే సూపర్ బిల్టప్ అంకెను నమ్మొద్దు. మంజూరైన ప్లాను తీసి, ఒక్కో ఫ్లోరును టేపుతో సరిచూడండి. సెల్లార్ పార్కింగ్, బయటి దారులు, గడ్డి ఉన్న జాగా కలపకూడదు.

ఉదాహరణకి హనుమకొండలో నాలుగంతస్తుల ఆఫీసు అనుకుందాం. ఫ్లోరుకి 450 చ.మీ. చొప్పున 1,800 చ.మీ. కింద ఇంకో 450 చ.మీ. సెల్లార్ ఉంది. దాన్ని కూడా కలిపేస్తే 2,250 అవుతుంది. ఆ ఒక్క అంకె ఏం చేస్తుందో కింద చూడండి.

కరెంటు: ఏ యూనిట్లో ముందు చూడాలి

మన కరెంటు పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ నుంచి హెచ్‌టీ (హై టెన్షన్) సర్వీసు ఉంటే బిల్లు కేవీఏహెచ్‌లో (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్) వస్తుంది. రేటింగ్‌కి కావాల్సింది కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్), అంటే మనం మామూలుగా యూనిట్ అనేది. మీటరు బటన్ నొక్కుతూ పోతే రెండూ ఒకదాని తర్వాత ఒకటి తెర మీదికొస్తాయి. బిల్లు తీసే రోజునే రెండింటినీ ఫొటో తీసిపెట్టుకుంటే తర్వాత తిప్పలుండవు. పాత నెలలకు అది లేకపోతే కేవీఏహెచ్‌ని పవర్ ఫ్యాక్టర్‌తో (తీసుకున్నదాంట్లో నిజంగా పనికొచ్చిన వంతు) గుణించాలి. సీటీ మీటరైతే (పెద్ద కరెంటును తగ్గించి కొలిచేది) రీడింగ్ తేడాని బిల్లు మీదున్న ఎంఎఫ్‌తో (మల్టిప్లయింగ్ ఫ్యాక్టర్) గుణించడం మరవొద్దు.

ఫ్లోరుకో ఎల్‌టీ (లో టెన్షన్) సర్వీసు ఉన్న కాంప్లెక్సుల్లో మీటరు గది తలుపు తెరిచి, అన్ని మీటర్ల సర్వీస్ నంబర్లూ రాసుకోండి. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు నడిచే కామన్ మీటరును చాలామంది మరిచిపోతారు. టెర్రస్ మీది సెల్ టవరుకు వేరే సర్వీసు ఉంటే దాన్ని కలపొద్దు. మన సర్వీసు నుంచే తీసుకుంటుంటే సబ్ మీటరు పెట్టించండి. సగం ఫ్లోర్లు ఖాళీగా ఉన్న ఏడాది లెక్క అసలు పనికిరాదు. అంకె అందంగా వస్తుంది గానీ అది ఖాళీ గదుల పుణ్యం.

జనరేటరుకు మీటరుంటే ఆ యూనిట్లే తీసుకోండి. లేకపోతే లీటరు డీజిల్‌కి 3 నుంచి 3.5 యూనిట్లు వేసుకోవచ్చు. పెద్ద జనరేటరును చిన్న లోడ్ మీద నడిపితే అంతకూ రాదు.

ఇప్పుడు మన ఆఫీసు లెక్క. ఏడాదికి 2,20,000 కేవీఏహెచ్, పవర్ ఫ్యాక్టర్ 0.96. అంటే 2,11,200 యూనిట్లు. డీజిల్ 1,800 లీటర్లు, లీటరుకి 3.2 చొప్పున 5,760. మొత్తం 2,16,960. దీన్ని 1,800తో భాగిస్తే 120.5.

బీఈఈ తొలి పట్టికలో కాంపోజిట్ జోన్‌కి (ఒకే రకం వాతావరణం కాకుండా ఎండ, ఉక్క, చలి కలిసి ఉండే మండలం), సగానికి మించి ఏసీ ఉన్న ఆఫీసుకి, 190–165 మధ్య ఒక స్టారు, 165–140 రెండు, 140–115 మూడు, 115–90 నాలుగు, 90 లోపు అయిదు. మన ఆఫీసుకి మూడు. సెల్లార్ కలిపి 2,250తో భాగించి ఉంటే 96.4 వచ్చి నాలుగు స్టార్లు పడేవి. బిల్డింగ్‌లో ఒక్క బల్బు మారకుండానే స్టారు పెరిగినట్టు కనబడటం అంటే ఇదే. తనిఖీకి వచ్చినవాళ్లు మొదట పట్టుకునేదీ ఇదే.

ఏసీ ఉన్న విస్తీర్ణం సగం లోపే అయితే పట్టిక వేరు. అక్కడ 80 నుంచి మొదలై, 40 లోపు వస్తేనే అయిదు స్టార్లు. హైదరాబాద్ కాంపోజిట్ జోన్. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో బీఈఈ పటంలో చూసుకోండి, ఎందుకంటే హాట్ అండ్ డ్రై జోన్‌లో ప్రతి మెట్టూ సగానికి మించి ఏసీ ఉన్న ఆఫీసుకి 10 అంకెలు, సగం లోపు ఉన్నదానికి 5 అంకెలు కిందికి దిగుతుంది. పట్టికలను సవరిస్తుంటారు కాబట్టి దరఖాస్తు పెట్టే రోజుకి అమల్లో ఉన్నదే పట్టుకోవాలి.

సోలార్ ఉంటే రెండు అంకెలు రాసుకోండి. బీఈఈ లెక్కలో సొంత టెర్రస్ మీద పుట్టిన కరెంటును కలపరు, కాబట్టి ఈపీఐ తగ్గుతుంది. అది న్యాయమే. కానీ బిల్డింగ్ అసలు ఆకలి తెలియాలంటే గ్రిడ్ నుంచి తీసుకున్నదాంట్లోంచి పంపినది తీసేసి, ఇన్వర్టర్ చూపించే ఉత్పత్తిని కలపాలి. నెట్ మీటర్ బిల్లులో మిగిలిన అంకె ఒక్కటే చూసి మురిసిపోతే, లోపల జరిగే దుబారా సోలార్ చాటున దాక్కుంటుంది.

రాత్రి పరీక్ష

అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పరీక్ష ఇది. రాత్రి 9 గంటలకు వాచ్‌మన్ మీటరు ఫొటో తీయాలి, పొద్దున 6కి మళ్లీ తీయాలి. వారం రోజులు ఇలా చేయాలి. రీడింగ్ తేడా 2.5, ఎంఎఫ్ 40 అయితే 100 యూనిట్లు. మనిషి లేని తొమ్మిది గంటల్లో సగటున 11 కిలోవాట్లు నడుస్తున్నట్టు. ఏడాదికి 36,500 యూనిట్లు.

ఆ 11 కిలోవాట్లు ఎక్కడున్నాయో ఒక రాత్రి కూర్చుని పట్టుకోవచ్చు. డిస్ట్రిబ్యూషన్ బోర్డులో ఎంసీబీలు, అంటే ఒక్కో లైనుకి ఉండే స్విచ్చులు, ఒక్కొక్కటే ఆపించి (ఎలక్ట్రీషియన్‌తోనే, సర్వర్లకు ముందుగా చెప్పి) మీటరు మీది లోడ్ ఎంత పడిందో రాయాలి. ఎక్కువగా దొరికేవి: రిమోట్ ఎవరో తీసుకెళ్లిపోతే నడుస్తూ ఉండిపోయిన క్యాసెట్ ఏసీ, సర్వర్ గదిలో 18 డిగ్రీలకు పెట్టిన ఏసీ, సరిపడా లోడ్ లేని పెద్ద యూపీఎస్, తెల్లవారేదాకా వెలిగే బోర్డు, ఫ్లోట్ పాడై ట్యాంకు నిండినా ఆగని మోటారు. ఇందులో సగం ఆపగలిగితే 18,250 యూనిట్లు తగ్గి ఈపీఐ 110.4కి దిగుతుంది. అంటే నాలుగో స్టారు, ఈసారి నిజంగా.

పగటి పూట ఏసీ సెట్టింగ్ 24 దగ్గర పెట్టండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అవుతుందని బీఈఈ చెబుతుంది. అయితే స్కోరు కోసం గాలి బిగబట్టొద్దు. స్ప్లిట్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది, బయటి గాలిని తేదు. కార్బన్ డయాక్సైడ్ మీటరు మధ్యాహ్నం మూడింటికి 1,000 పీపీఎం దాటి చూపిస్తే ఫ్రెష్ ఎయిర్ ఫ్యాను పెట్టాల్సిందే. దానికి ఖర్చయ్యే నాలుగు యూనిట్లు లోపల కూర్చున్నవాళ్ల ఆరోగ్యానికి పెట్టినవి.

కార్బన్

గ్రిడ్ యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వేసుకుంటే మన ఆఫీసుకి దాదాపు 148 టన్నులు. డీజిల్ లీటరుకి 2.68 కిలోలు, అంటే 4.8 టన్నులు. అందరూ మరిచేది ఏసీ గ్యాస్. ఏడాదిలో ఆర్-410ఏ గ్యాస్ 5 కిలోలు నింపించారంటే అంత బయటికి పోయిందనే లెక్క. దాని వేడి పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కి 2,088 రెట్లు కాబట్టి 10 టన్నుల పైమాటే. ఏడాది డీజిల్‌కి రెండింతలు. మెకానిక్ బిల్లు మీద గ్యాస్ రకం, కిలోలు తప్పకుండా రాయించండి. లీకు వెతక్కుండా ఏటా గ్యాస్ నింపించే అలవాటు మానాలి.

నీళ్లు, చెత్త

బోరుకు మీటరుండదు, అందుకే నీళ్ల లెక్క అందరూ ఊహించి రాస్తారు. 5,000 లీటర్ల ట్యాంకు 50 నిమిషాల్లో నిండితే నిమిషానికి 100 లీటర్లు. మోటారుకు అవర్ మీటర్ బిగిస్తే రోజువారీ లెక్క వచ్చేస్తుంది. ఏప్రిల్–మే నెలల్లో బోరు నీళ్లు తగ్గుతాయి కాబట్టి అప్పుడు మళ్లీ కొలవాలి, లేకపోతే లేని నీళ్లు రాసినట్టవుతుంది. కార్పొరేషన్ నల్లా, ట్యాంకర్లు కూడా కలిపి తలకి ఎంత పడుతుందో చూడండి. ఆఫీసుకి ప్రమాణం రోజుకి మనిషికి 45 లీటర్లు. 120 మందికి 5,400. అంతకు బాగా మించితే శనివారం రాత్రి ట్యాంకు మట్టం గీత గీసి, ఆదివారం సాయంత్రం చూడండి. ఎవరూ లేకుండా మట్టం దిగితే ఫ్లష్ ట్యాంకులు కారుతున్నట్టే. 450 చ.మీ. టెర్రస్ మీద ఏడాదికి 900 మి.మీ. వాన పడుతుందనుకుని, 80 శాతం పట్టగలిగితే 3.24 లక్షల లీటర్లు. 300 పనిదినాల అవసరంలో అయిదో వంతు.

చెత్తను ఏడు రోజులు స్ప్రింగ్ త్రాసు మీద తూచి తడి, పొడి, ప్రమాదకర రకాలుగా రాయండి. పండగ వారం వద్దు.

దరఖాస్తు పెట్టేటప్పుడు బిల్లుల వరుసలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. మంజూరు ప్లాను, మీటర్ల జాబితా, డీజిల్ రసీదులు, ఏసీ విస్తీర్ణం గుర్తించిన ఫ్లోర్ ప్లాను, గ్యాస్ బిల్లులు ఒకే ఫైల్లో పెట్టి, ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో రాయండి.