క్రీడాకారుల జీవితకథ రాయడం నేర్చుకుందాం – 4వ పాఠం: పట్టికలో ఖాళీగా ఉన్న ఏళ్లు

పోయిన పాఠంలో ఆటగాడి రికార్డుల పట్టికను వరసగా చదవడం నేర్చుకున్నాం. ఈసారి అందులో ఏమీ రాయని చోటును చదువుదాం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లండ్ ఫుట్‌బాలర్ ఎవరి కథ పట్టుకున్నా ఈ ఖాళీ తగులుతుంది. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ యుద్ధం ప్రకటించేసరికి ఇంగ్లండ్ క్లబ్బుల మధ్య జరిగే లీగ్ పోటీ మొదలై వారమే అయింది. సీజన్ ఆపేశారు, ఆ ఫలితాలను రికార్డుల నుంచి కొట్టేశారు. లీగ్ మళ్లీ మొదలైంది 1946 ఆగస్టు 31న.

మన ఉదాహరణ టామ్ ఫిన్నీ, ప్రెస్టన్ నార్త్ ఎండ్ క్లబ్బు వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసే ఆటగాడు). లీగ్‌లో అతని మొదటి మ్యాచ్ సరిగ్గా ఆ రోజే, 24 ఏళ్ల వయసులో. ఇంగ్లండ్ జట్టు తరఫున అతని మొదటి మ్యాచ్ సెప్టెంబరు 28న, బెల్‌ఫాస్ట్‌లో. ఉత్తర ఐర్లండ్‌పై 7-2తో గెలిచారు, ఒక గోల్ ఫిన్నీది.

ఇక్కడ ఆగి రెండు తేదీల మధ్య రోజులు లెక్కపెట్టండి. 28. నెల తిరక్కుండానే దేశం జట్టులో చోటు ఎలా దొరికింది? ఇలా లెక్క పొసగని చోటే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. అసలు కథ అక్కడే ఉంటుంది.

వెనక్కి వెళ్లి వెతికితే జవాబు దొరుకుతుంది. 1941 మేలో వెంబ్లీలో యుద్ధకాలపు కప్ ఫైనల్, ఎదురుగా ఆర్సెనల్. 19 ఏళ్ల ఫిన్నీ ఆడాడు. 1-1తో డ్రా అయితే, బ్లాక్‌బర్న్‌లో మళ్లీ ఆడి ప్రెస్టన్ 2-1తో గెలిచింది. ఇవేవీ లీగ్ లెక్కలోకి రావు. తర్వాత సైన్యం పిలిచింది. ఈజిప్టు, ఆపైన ఇటలీలో ట్యాంకు నడపడం. అక్కడ సైనిక జట్లకూ ఆడాడు. పట్టికకు అతను కొత్తవాడు, చూసినవాళ్లకు కాదు.

ఇప్పుడు మీ నోట్‌బుక్‌లో ఒక్కో ఏడాదికి ఒక వరస గీయండి. ఎక్కడున్నాడు, ఏం చేశాడు, ఆడితే అది రికార్డుల్లోకి ఎక్కిందా లేదా అన్నది రాయండి.

ఒక తప్పు మాత్రం చేయకండి. ఫిన్నీకి 14 సీజన్లలో 433 లీగ్ మ్యాచ్‌లు, 187 గోల్స్ కాబట్టి పోయిన ఏళ్లకు ఇన్ని అని గుణించడం. మొదట్లో నాకూ ఆ లెక్క భలే నచ్చేది. కానీ పద్దెనిమిదేళ్ల కుర్రాడు ప్రతి మ్యాచ్‌లో ఆడేవాడని ఎలా అనగలం? ఆడని మ్యాచ్‌కు గోల్స్ వేస్తే, అతను నిజంగా కొట్టిన 187కి విలువ తగ్గిపోతుంది.

అభ్యాసం: స్టాన్లీ మాథ్యూస్, ఆ కాలపు మరో ఇంగ్లండ్ వింగర్. 1939లో వయసు 24, లీగ్ తిరిగి మొదలయ్యేసరికి 31. అధికారిక అంతర్జాతీయ మ్యాచ్‌లు 54; యుద్ధకాలంలో ఇంగ్లండ్‌కు ఆడినా లెక్కలోకి రానివి 29. ఆ 29 గురించి పది వాక్యాలు రాయండి. ‘యుద్ధమే లేకుంటే’ అన్న మాట ఒక్కసారి కూడా రాకూడదు.